రోహిణి కార్తెలో రేడియేటర్ పడే పాట్లు

టెట్టు దగ్గరకు వచ్చేసరికి ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. నెల్లూరు నుంచి ఒంగోలుకు పెళ్లికి పోతున్నాం. వెనక సీట్లో అమ్మ, పిన్ని, ఇద్దరు పిల్లలు. డిక్కీ నిండా స్వీట్ల పెట్టెలు, పైన రెండు అరటి గెలలు. "గ్యాస్ అయిపోయినట్టుందిరా" అంది పిన్ని. వారం కిందటే గ్యాస్ కొట్టించాను, కొట్టినవాణ్ణి మనసులోనే తిట్టుకుంటూ బండి పోనిస్తూనే ఉన్నా. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక గానీ టెంపరేచర్ ముల్లు మీద చూపు పడలేదు. అప్పటికే అది ఎర్రగీత మీద కూర్చుంది.

ఏసీకి ఏమీ కాలేదు. ఇంజన్ హద్దు దాటి వేడెక్కితే, ఈ కాలపు చాలా కార్లలో కంప్యూటర్ ముందుగా చేసే పనుల్లో ఒకటి ఏసీ కంప్రెసర్‌ను ఆపేయడం. భారం తగ్గించుకుని ఇంజన్‌ను కాపాడుకునే ఏర్పాటు అది. అంటే ఆ వేడిగాలి నాకు వచ్చిన హెచ్చరిక. నేను దాన్ని గ్యాస్ కొట్టిన కుర్రాడి తప్పు కింద రాసేశాను.

మర్నాడు ఒంగోలులో మెకానిక్ రేడియేటర్ కింద తొట్టి పెట్టి నీళ్లు వదిలాడు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ పచ్చగానో ఎర్రగానో, ఏదో ఒక తేట రంగులో ఉండాలి. బయటికి వచ్చింది మాత్రం మరిగి మరిగి నల్లబడిన టీ లాంటి నీళ్లు. అడుగున ఇసుకలా తుప్పు. మూత లోపలి రబ్బరు అంచున తెల్లటి పొర. అచ్చం మా ఇంట్లో నీళ్లు కాచే హీటర్ కడ్డీకి పట్టేలాంటిదే. "యాడ పట్టారన్నా ఈ నీళ్లు?" అన్నాడు. యాడేముంది, రెండేళ్లుగా తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే పోశాను.

ఎండాకాలం కారు జాగ్రత్తలు అనగానే ఒక జాబితా చదువుతుంటాం: గాలి చూపించు, గ్యాస్ కొట్టించు, ఆయిల్ మార్చు, నీడలో పెట్టు. జాబితాలో తప్పు లేదు. అయితే ఏది ఎందుకో తెలియకపోతే ముఖ్యమైనదాన్ని వదిలేసి పైపైదాన్ని పట్టుకుంటాం, నేను చేసినట్టే. దీనంతటి వెనక ఉన్నది ఒకటే లెక్క, దాన్ని ముందు చూద్దాం.

పోసిన పెట్రోలు ఇచ్చే శక్తిలో బండిని నడపడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు లోపే. మిగతాదంతా వేడిగా మారుతుంది. దాదాపు సగం వేడి సైలెన్సర్ గుండా పోతే, మిగతాదాన్ని మోసుకుపోయి బయటి గాలికి అప్పజెప్పే పని రేడియేటర్‌ది. వేడి దానంతట అది ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. రెంటి మధ్య తేడా ఎంత ఉంటే అంత జోరుగా పోతుంది. ఇంజన్‌లో తిరిగే నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుందాం. డిసెంబరులో నెల్లూరు పగటి గాలి 28 డిగ్రీలు, అంటే తేడా 62. మేలో గాలి 44కి పోతే తేడా 46కి పడిపోతుంది. ఏ భాగమూ చెడకుండానే రేడియేటర్ బలం పావు వంతు తగ్గిపోయిందన్న మాట. తారురోడ్డు మీద బంపర్ ఎత్తులో గాలి ఇంకా వేడి, కాబట్టి అసలు లెక్క ఇంతకంటే అధ్వాన్నం.

ఏసీకి ఇదే లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. కారు లోపలి వేడిని బయట పారబోసే భాగం కండెన్సర్, రేడియేటర్‌కు ముందు జల్లెడలా ఉంటుంది. అందులో గ్యాస్ 60 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బయట 28 ఉంటే తేడా 32, బయట 44 ఉంటే తేడా 16. సగానికి సగం. అప్పుడు గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ మరింత కష్టపడుతుంది, ఇంజన్ మీద భారం పెరుగుతుంది. కండెన్సర్ వదిలిన వేడిగాలి నేరుగా వెనకనున్న రేడియేటర్ మీదకే పోతుంది. ఏసీ మోపే బరువూ, ఏసీ వదిలే వేడీ రెండూ రేడియేటరే భరించాలి. పెళ్లిలో వడ్డించేవాడికే ఎంగిలాకులు ఎత్తే పని కూడా అప్పజెప్పినట్టు.

మన వైపు ఈ కష్టం ఎక్కువ రోజులు ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులతో వస్తాయి. నైరుతి వానలు మనల్ని అంతగా పట్టించుకోవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, మృగశిర వచ్చినా మనకు చల్లబడేది అంతంతే. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే బతికిపోతాం. పడమటి గాలి దాన్ని తొక్కేసిన రోజు సాయంత్రం అయిదింటికి కూడా స్టీరింగ్ పట్టుకోలేం. కాబట్టి చూపించుకోవాల్సినవి ఫిబ్రవరి, మార్చిలోనే చూపించుకోవాలి. మేలో మెకానిక్ దగ్గరికి పోతే పది బళ్ల వెనక మన బండి.

ఇక నీళ్ల సంగతి. "మన దగ్గర మంచు పడదు, గడ్డకట్టదు, కూలెంట్ ఎందుకు?" అనే మాట ప్రతి మెకానిక్ షాపులో వినిపిస్తుంది. పైగా నీళ్లే బాగా చల్లబరుస్తాయని ఒక వాదన. నిజం చెప్పాలంటే ఆ వాదనలో కొంత పస ఉంది. వేడిని మోసే గుణం కూలెంట్ కలిపిన నీళ్లకన్నా ఒట్టి నీళ్లకే ఎక్కువ. కానీ ఒట్టి నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే 107 డిగ్రీల దాకా ఆగుతుంది. దానికి రేడియేటర్ మూత ప్రెషర్ తోడైతే 125 దాటేదాకా మరగదు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ తగిలిన చోట లోహానికి నీళ్లు అంటవు, అక్కడ ఇంజన్ పైభాగమైన హెడ్ కాలిపోతుంది. ఇంకో సంగతి, తుప్పు పట్టకుండా కాపాడే మందు ఉండేది కూలెంట్‌లోనే. ఆ మందు కూడా కాలం గడిచేకొద్దీ నీరసిస్తుంది. అందుకే మీ కారు పుస్తకంలో ఎన్నేళ్లకో, ఎన్ని కిలోమీటర్లకో కూలెంట్ మార్చమని రాసి ఉంటుంది. పైనుంచి చూస్తే నిండుగానే ఉంది కదా అని వదిలేయడానికి లేదు.

బోరు నీళ్లు ఎందుకు పనికిరావో మన జిల్లాల్లో వేరే చెప్పాలా? కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధ లోకానికంతా తెలుసు. అయితే రేడియేటర్‌కు ఎక్కువ పేచీ ఫ్లోరైడ్‌తో కాదు, నీళ్లను కఠినంగా చేసే కాల్షియం, మెగ్నీషియంతో. కాగినప్పుడల్లా అవి సన్నటి గొట్టాల లోపల సున్నంలా పేరుకుంటాయి. సున్నం పొర వేడిని అవతలికి పోనివ్వదు. సముద్రం వైపు ఊళ్లలో ఇంకో రకం: ఉప్పదనం అల్యూమినియాన్ని కొరుక్కుతింటుంది. కూలెంట్ కొనేటప్పుడు అది కలిపేసి ఉన్నదా, కలుపుకోవాల్సిన చిక్కటి రకమా అని డబ్బా మీద చూడండి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. రంగును నమ్మి ఒకదానిలో ఇంకొకటి పోయవద్దు. రంగు కంపెనీ ఇష్టం, దానికి ఒక పద్ధతంటూ లేదు. దారిలో అవసరపడితే మినరల్ వాటర్ సీసా పోసుకోవచ్చు, ఊరు చేరాక తీయించేయాలి. పాత కూలెంట్‌ను తొట్టిలో అలాగే వదిలేయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, విషం.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది పట్టి ఉంచే ప్రెషర్. లోపలి రబ్బరు ఎండి పగిలితే ప్రెషర్ నిలవదు, 125కి మరగాల్సింది 107కే మరిగిపోతుంది. నా బండికి అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. సున్నం సగం పాపం, మూత సగం. అదే అంకె ఉన్న మూత వేయించండి, షాపులో చేతికి దొరికింది కాదు.

నీళ్ల వైపు అంతా బాగున్నా గాలి వైపు మూసుకుపోతే ఫలితం ఒకటే. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే బండికి రేడియేటర్ రేకుల మధ్య తెల్లటి దుమ్ము మెత్తినట్టు పడుతుంది. మైపాడు, కొత్తపట్నం బీచిలకు పోయొస్తే ఉప్పు గాలి. అల్లూరు, విడవలూరు వైపు చెరువుల మధ్య రాత్రిపూట పోతే పురుగులు. గ్రిల్ సందులోంచి టార్చి వేసి చూడండి, రేకుల మధ్య వెలుతురు అవతలికి కనిపించకపోతే కడిగించే టైమ్ వచ్చినట్టే. వాటర్ సర్వీసింగ్ వాళ్లు గొట్టం దగ్గర పెట్టి జోరుగా కొడితే రేకులు పడుకుంటాయి, ఆ తర్వాత గాలి అసలే దూరదు. మామూలు పైపు ధారతో, ఇంజన్ చల్లారాక, వీలైతే లోపలి నుంచి బయటికి కడగాలి.

ఇప్పుడు ఏసీ గ్యాస్. ఏటా మార్చి రాగానే గ్యాస్ కొట్టించడం మనకు ఆవకాయ పెట్టుకోవడం లాంటి ఆచారం అయిపోయింది. ఇంట్లో ఫ్రిజ్‌కు ఏటా గ్యాస్ కొట్టిస్తున్నామా? కారు ఏసీ కూడా గ్యాస్‌ను ఖర్చు చేసే యంత్రం కాదు, ఉన్నదాన్నే తిప్పుతుంది. రబ్బరు గొట్టాలు, వదులయ్యే జాయింట్లు ఉంటాయి కాబట్టి ఏళ్ల మీద కొంచెం తగ్గడం మామూలే. ఒక్క ఏడాదిలో అయిపోతే మాత్రం ఎక్కడో లీకు ఉంది. లీకు చూడకుండా గ్యాస్ కొట్టేవాడు మీకు వచ్చే ఏడాది అపాయింట్‌మెంట్ ఇస్తున్నట్టే. తక్కువైతే చల్లబడదు నిజమే, కానీ ఎక్కువైనా చల్లబడదు. కంప్రెసర్ మీద అదనపు భారం కూడా. అందుకే ఉన్నది తీసి, బరువు తూచి ఎక్కించే మిషన్ ఉన్న చోటికే పోవాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ రకం గ్యాస్, ఎన్ని గ్రాములు అని ఉంటుంది.

జబ్బు ఎక్కడుందో చాలాసార్లు మనమే కనిపెట్టొచ్చు. హైవే మీద చల్లగా ఉండి, నెల్లూరు ట్రంకు రోడ్డులో ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగా వస్తుంటే గ్యాస్‌ను అనుమానించకండి. ముందు ఫ్యాన్ తిరుగుతోందా, కండెన్సర్ మూసుకుపోయిందా చూడండి. చల్లదనం బాగానే ఉండి గాలి జోరు మాత్రం లేకపోతే కేబిన్ ఫిల్టర్. చాలా కార్లలో అది ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు పెట్టె వెనక ఉంటుంది, అయిదు నిమిషాల్లో ఊడొస్తుంది. మా బండి రోజూ వేపచెట్టు కిందే నిలబడుతుంది. ఏప్రిల్‌లో ఫిల్టర్ లాగితే దాని మడతల్లో వేపపూత! ఎండి, నలిగి, గోధుమరంగులో, పచ్చడి చేయడానికి దాచుకున్నట్టుంది. అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే జాలీలోంచి దూరిందది. ఆ జాలీలో ఆకులు పేరుకుంటే ఎండాకాలపు గాలివానకు నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. చెట్టు నీడ మంచిదే, దాని కప్పం అది వసూలు చేస్తుంది.

ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే అద్దాలు మూసి ఏసీ ఫుల్ పెట్టడం అందరం చేసేదే. బయట 40 ఉంటే గంటలో లోపల 60 దాటుతుంది, డ్యాష్‌బోర్డు ఇంకా కాలుతుంది. ఆ వేడినంతా ఏసీ చేత మోయించడం కన్నా, నాలుగు అద్దాలూ దించి ఒక నిమిషం నడిపితే సగం వేడి దానంతటదే పోతుంది. తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కాలి. చల్లగాలిని నేరుగా ముందు అద్దం మీదకు వదలకండి. గ్రానైట్ లారీ నుంచి ఎగిరిన రాయి తగిలి చిన్న చుక్క ఉన్న అద్దమైతే ఆ చుక్క నుంచి గీత పాకుతుంది.

ఒక్క విషయంలో మాత్రం సరదా మాటలు లేవు. నిద్రపోయిన పిల్లవాణ్ణి లేపడమెందుకని కారులో వదిలి "రెండు నిమిషాల్లో వస్తా" అని దిగకూడదు. పెరగాల్సిన వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా చాలా త్వరగా వేడెక్కుతుంది. అద్దం రెండు వేళ్ల సందు దించినా పెద్దగా తేడా ఉండదు.

టైర్ల దగ్గర మన జనం నమ్మే మాట ఒకటుంది: ఎండలకు గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి రెండు పాయింట్లు తగ్గించి పెట్టించాలని. సరిగ్గా తిరగేసి నమ్ముతున్నాం. టైరు పగలడానికి ఎక్కువగా కారణం గాలి తక్కువ ఉండడం. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. నిమిషానికి వందల సార్లు వంగే ఆ గోడ చివరికి లోపలి దారాల దగ్గర విడిపోతుంది. పైకి మనకు కనిపించేది ఒక్క పేలుడే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్ఐ పెట్టిన టైరు మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపిస్తుంది. కంపెనీ వాడు చెప్పిన అంకెలో ఆ పెరుగుదల లెక్క ముందే ఉంది. కావలి దగ్గర ఆగి ఆ వేడి టైరులో గాలి వదిలేసి 33కి తెస్తే మర్నాటి ఉదయానికి అది 29. అంకె డ్రైవర్ తలుపు తీసినప్పుడు కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంతో కూడా అక్కడే రాసి ఉంటుంది. నైట్రోజన్ పెట్టించుకుంటే మంచిదే, మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే.

టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. బండి తక్కువ తిరిగి టైరు మీది గాడులు అరగకుండా ఉన్నా, ఏడెనిమిదేళ్ల రబ్బరు ఎండకు బీటలు వారుతుంది. ఆదివారం మాత్రమే బయటికి తీసే కార్లలో ఇది ఎక్కువ. స్టెప్నీ సంగతి సరేసరి, దాని గాలి ఎప్పుడు చూశామో ఎవరికీ గుర్తుండదు.

బ్యాటరీ మీద రెండు ముక్కలు. చలికి సెల్ఫ్ తీసుకోవడం కష్టమవుతుందని అనుకుంటాం గానీ, బ్యాటరీ ఆయుష్షును తినేది వేడే. మూడేళ్లు దాటిన బ్యాటరీని ఎండలకు ముందే చూపించండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు చూపించాలి, నడుస్తున్నప్పుడు 14 దగ్గర. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే. ఇంజన్ ఆయిల్‌కు ఎండాకాలం స్పెషల్ గ్రేడంటూ లేదు, పుస్తకంలో చెప్పింది టైముకు మారిస్తే చాలు.

వేసవి సెలవుల్లో పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే కుటుంబాలకు మాత్రం ఇంకో మాట. ఎక్కేటప్పుడు రేడియేటర్‌కు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకులకు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్‌లో అదే పనిగా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా కిందిదాకా పోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించి, దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ పట్టుమీద దిగండి.

ట్యాంకు ఫుల్ కొట్టిస్తే ఎండకు పేలిపోతుందనే వాట్సాప్ మెసేజ్ ఏటా మే నెలలో తిరిగొస్తుంది. ఇండియన్ ఆయిల్ పేరుతోనే తిరుగుతుంది, ఆ కంపెనీయే కాదని చెప్పింది. పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే రెండు వందల డిగ్రీలు చాలవు, ఆ పైన కావాలి. పంపులో గన్ను టక్కుమని ఆగాక మీదమీద పోయించకుండా ఉంటే చాలు.

మళ్లీ టెట్టు దగ్గరికి. ముల్లు లేచిందని తెలియగానే చేయాల్సింది ఏసీ ఆపడం, అద్దాలు దించడం, హీటర్ ఫుల్ పెట్టడం. ఆ ఎండలో హీటరా అని నవ్వొస్తుంది గానీ అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత మన మీదకు లాగేస్తుంది. ముల్లు దిగకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. నేను వీటిలో ఆఖరిది మాత్రమే చేశాను. బానెట్ ఎత్తి, తువ్వాలు చుట్టి మూత తిప్పబోతుంటే, వెనక ఆగిన లారీ డ్రైవర్ పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకు కొడతాయి. కనీసం అరగంట చల్లారాలి. చన్నీళ్లు ఇంజన్ మీద గుమ్మరించినా హెడ్ వంకర పోతుంది, అప్పుడు ఖర్చు వేలల్లో.

"పెళ్లెన్నింటికి?" అన్నాడు అరటి గెలలు చూసి.

"రాత్రి తొమ్మిదిన్నరకు."

"ఇంకేం మరి, అమ్మోళ్లను ఆ చింతచెట్టు కిందకు తీసుకుపో" అని, తన లారీలోంచి నీళ్ల క్యాన్ దించి పిల్లల ముందు పెట్టాడు.